కర్నూలు నగరంలో వయోజన విద్య: పేటల్లో మొదలైన చదువు నిలబడాలంటే ఏం చేయాలి?

బుధవారపేట వాసి | సోమవారం, రాత్రి 9:10

మిత్రులందరికీ నమస్కారం. మన కర్నూలులో చదవడం, రాయడం రాని పెద్దవాళ్ళ కోసం జరుగుతున్న ప్రయత్నాల గురించి అనుభవం ఉన్నవాళ్ళంతా ఒకచోట నిలకడగా మాట్లాడుకుంటే మేలు జరుగుతుందన్న ఉద్దేశంతో ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

కేంద్ర ప్రభుత్వం 2022 నుంచి 2027 వరకు అమలయ్యేలా తెచ్చిన నవభారత సాక్షరతా కార్యక్రమం, మనమంతా ఉల్లాస్ అని పిలుస్తున్నది, పదిహేనేళ్ళు నిండి చదువు రాని వారందరికీ వర్తిస్తుంది. పల్లె, పట్నం అన్న తేడా అందులో లేదు. ఈ సంగతి నగరానికి ఎంత ముఖ్యమో తెలియాలంటే ఇంతకు ముందు నడిచిన సాక్షర భారత్‌ను గుర్తు చేసుకోవాలి. 2009 సెప్టెంబరు 8న మొదలై 2018 మార్చి ఆఖరుతో ముగిసిన ఆ పథకం గ్రామీణ ప్రాంతాలకే పరిమితమైంది. పంచాయతీకొక లోక్ శిక్షా కేంద్రం, అక్కడ పని చేసే సమన్వయకర్తలకు నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం ఉండేవి. కోసిగిలోనో ఆలూరులోనో సొంత ఊళ్ళో ఉన్నంతకాలం ఆ కేంద్రానికి వెళ్ళే వీలున్న మనిషి, వానలు లేక పంట పోయి కూలికి కర్నూలు వచ్చి ఏదో ఒక పేటలో అద్దెకు దిగగానే ఆ వీలు పోగొట్టుకున్నాడు. అవసరం ఎక్కువగా ఉన్న మనుషులు ఏ ఊరికి చేరుతున్నారో ఆ ఊరినే పథకం వదిలేసింది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత దాదాపు 60 శాతం; స్త్రీలలో 50 శాతానికి కొంచెం తక్కువ. అప్పటి ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం. నగరం వరకే చూస్తే అంకె ఇంతకంటే మెరుగుగానే కనిపిస్తుంది గాని, ఆ సగటులో ఎ, బి, సి క్యాంపుల్లోని ఉద్యోగుల ఇళ్ళూ, హంద్రీ నది గట్టున రేకుల ఇళ్ళూ కలిసిపోతాయి. 2021లో జరగవలసిన లెక్కలు 2027కు వెళ్ళాయి కనుక ఇప్పటికీ ఆ పాత అంకెలతోనే ప్రణాళికలు వేస్తున్నారు.

నేను అడగదలచినది ఒక్కటే. పేటల్లో రాత్రి బడి మొదలవడం చూస్తున్నాం, కొంతకాలానికి ఆగిపోవడమూ చూస్తున్నాం. ఎందుకు ఆగిపోతున్నది? నిలబడిన చోట్ల ఎందుకు నిలబడింది?

కల్లూరు ఆర్‌పీ | సోమవారం, రాత్రి 10:25

అన్నా, మంచి చర్చ పెట్టారు. నేను మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద రిసోర్సు పర్సన్‌గా, అంటే ఆర్‌పీగా, పొదుపు సంఘాలతో పని చేస్తున్నాను కాబట్టి నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు వేళ సంగతి. రాత్రి బడి అన్న పేరు మగవాళ్ళను దృష్టిలో పెట్టుకుని వచ్చింది. మా పేటల్లో చదువు రానివాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు వాళ్ళకు వంట, పిల్లలు, కొళాయి నీళ్ళు, పని నుంచి వచ్చిన మనిషికి అన్నం పెట్టడం ఉంటాయి. ఆ వేళలో పలక పట్టుకుని కూర్చోమంటే ఇంట్లో గొడవ తెచ్చుకోమని చెప్పినట్టే. ఇళ్ళలో పాచిపనికి వెళ్ళేవాళ్ళు పదకొండున్నర, పన్నెండుకల్లా తిరిగి వస్తారు. మళ్ళీ నాలుగున్నరకు వెళతారు. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర వరకు వాళ్ళకు కొంచెం తెరపి. మా దగ్గర నిలబడిన తరగతి ఆ వేళలో జరిగినదే. అదీ బడిలో కాదు, ఒక సభ్యురాలి ఇంటి వరండాలో.

రెండోది, ఆడవాళ్ళు చదువు కోసం రావడం వేరు, సంతకం కోసం రావడం వేరు. సంఘం తీర్మానాల పుస్తకంలో వేలిముద్ర వేయడం అందరికీ నామోషీగా ఉంటుంది. అందుకని సంతకం నేర్పమని ఉత్సాహంగా వస్తారు, పది రోజుల్లో నేర్చుకుంటారు, అక్కడితో మానేస్తారు. లక్ష్మి అన్న పేరు మా సంఘాల్లో ఎంతమందికి ఉందో మీకు తెలుసు. ఆ పేరులో మూడు హల్లులు ఒకదాని మీద ఒకటి చేరిన అక్షరం ఉంటుంది. చదవడం మొదలుపెట్టిన మనిషికి అది ఎన్నో పాఠాల తర్వాత గాని రాదు. కాబట్టి ఆమె తన పేరును బొమ్మగా గీస్తుంది. చక్కగా గీస్తుంది కూడా. కానీ అదే తీర్మానం పైన అప్పు ఎంత రాశారో, ఎన్ని వాయిదాలో ఆమెకు తెలియదు. సంతకం వచ్చిన మనిషిని అక్షరాస్యురాలిగా రాసేసుకుంటే ఆమెకు మేలు చేసినట్టు కాదు, ప్రమాదంలోకి నెట్టినట్టు. వేలిముద్ర వేసేటప్పుడైనా పక్కవాళ్ళు ఒకసారి చదివి వినిపించేవాళ్ళు. సంతకం పెట్టే మనిషికి ఎవరూ చదివి వినిపించరు.

మా సంఘాల్లో ఒకావిడ పాస్‌బుక్కు మీద నేరుగా పాఠం చెప్పించుకుంది. జమ, ఖర్చు, నిల్వ అన్న మూడు మాటలు, తేదీ, అంకెలు. ఆ మూడు మాటలు గుర్తుపట్టడం వచ్చిన రోజున తన పుస్తకంలో ఒక నెల వాయిదా జమ కాలేదని ఆమే పట్టుకుంది. ఆ సంగతి వీధిలో తెలిసిన మర్నాడు వరండాలో చోటు చాలలేదు.

ఉల్లి మార్కెట్ గుమాస్తా | మంగళవారం, ఉదయం 7:40

నమస్కారం. అక్క చెప్పిన వేళల విషయానికి మార్కెట్ యార్డు వైపు నుంచి ఒక మాట కలుపుతాను. మా దగ్గర సరుకు దించే హమాలీలు, గడ్డలు ఏరి గ్రేడు చేసే ఆడవాళ్ళు తెల్లవారకముందే వస్తారు. ఆగస్టు నుంచి కొత్త ఉల్లి రావడం మొదలైతే కొన్ని నెలలపాటు వాళ్ళకు ఇల్లు, యార్డు తప్ప మరొకటి ఉండదు. సరుకు తగ్గిన నెలల్లో మాత్రం మధ్యాహ్నానికే పని అయిపోయి షెడ్ల కింద కూర్చుంటారు. అధికారులు ఏటా సెప్టెంబరు 8న అక్షరాస్యతా దినోత్సవం నాడు తరగతులు ప్రారంభిస్తే, సరిగ్గా ఆ నెలలోనే మావాళ్ళు ఒక్కరూ రాలేరు. తర్వాత హాజరు పట్టీ చూసి యార్డు కూలీలకు ఆసక్తి లేదని రాస్తారు. అది న్యాయం కాదు.

చదువు మీద వాళ్ళకు ఆసక్తి ఎంత ఉందో నేను రోజూ చూస్తున్నాను. సరుకు అమ్ముకున్న రైతుకు తక్‌పట్టీ ఇస్తాం. అందులో బస్తాలు, తూకం, క్వింటాలు ధర, మొత్తం, దాంట్లోంచి తీసేసిన హమాలీ, ఇతర ఖర్చులు, చివరికి చేతికొచ్చే డబ్బు వరసగా ఉంటాయి. చదువు రాని రైతు ఆ చీటీ చేతిలో పట్టుకుని బయటికి వెళ్ళి, టీ బంకు దగ్గర ఎవరో ఒకరిని చదవమని అడుగుతాడు. చదివినవాడు ఒకసారి అంకె తప్పు చెబితే రైతు గుమాస్తా మీదికి వస్తాడు. గుమాస్తా తప్పు రాస్తే రైతుకు తెలియనే తెలియదు. ఒక పెద్దాయన నా బల్ల దగ్గర నిలబడి తక్‌పట్టీలో ఏ గడి ఏమిటో ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాడు. నోటి లెక్కలో ఆయన నాకంటే వేగం. తూకాన్ని ధరతో హెచ్చవేసి నేను మీట నొక్కేలోపే చెప్పేస్తాడు. ఆయనకు రానిది కాగితం మీద అంకె పోల్చుకోవడమే.

ఇలాంటివాళ్ళకు ఒకటి, రెండు, మూడు అని మొదటి నుంచి నేర్పడం వాళ్ళ తెలివిని అవమానించడమే. వచ్చిన లెక్కను కాగితానికి ఎక్కించడం నేర్పితే చాలు. నాలుగు ఖాళీ తక్‌పట్టీలు తెచ్చుకుంటే అదే వాచకం.

విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల రోడ్డు | మంగళవారం, ఉదయం 11:15

సభ్యులకు నమస్కారం. 1990ల నాటి సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో పని చేసినవాణ్ణి కనుక కొంచెం వివరంగా రాస్తాను, మన్నించండి.

జాతీయ సాక్షరతా మిషన్ 1988 మేలో మొదలైంది. పట్టణం ఏం చేయగలదన్న ప్రశ్నకు మొదటి జవాబు కేరళలోని కొట్టాయం నుంచి వచ్చింది. 1989లో ఆ పట్టణం పూర్తి అక్షరాస్యత సాధించింది. మరుసటి ఏడు ఎర్నాకుళం జిల్లా మొత్తం ఆ స్థాయికి చేరింది. అక్కడి పద్ధతినే దేశమంతా జిల్లాల వారీగా అనుసరించారు. మన రాష్ట్రంలో నెల్లూరు జిల్లా అనుభవం అందరికీ తెలిసిందే. అక్కడ చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు వాచకంలోని పాఠం చదివి, తమ ఇళ్ళకు సారా చేస్తున్న చేటు గురించి తరగతిలోనే మాట్లాడుకున్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. అది ఉద్యమమై రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలుకు దారి తీసింది. అప్పటి ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి గారు మన జిల్లా మనిషే.

ఈ చరిత్ర ఎందుకు ఎత్తుతున్నానంటే, నెల్లూరులో ఆడవాళ్ళను తరగతికి రప్పించినది తాము మాట్లాడుకోవలసిన విషయం అక్కడ ఉండటమే. ఇక్కడ పైన అక్కయ్యగారు చెప్పిన పాస్‌బుక్కు, గుమాస్తా గారు చెప్పిన తక్‌పట్టీ అదే కోవలోవి.

ఇక బోధన. అప్పట్లో మూడు భాగాల వాచకం ఉండేది. మొత్తం దాదాపు 200 గంటల చదువు. వర్ణమాల క్రమంలో కాకుండా తెలిసిన మాటతో మొదలుపెట్టి, ఆ మాటలోని అక్షరాలను విడదీసి, వాటితో కొత్త మాటలు కట్టించేవాళ్ళం. పెద్దవాళ్ళకు ఇదే సరైన పద్ధతి. కానీ మన లిపిలో రెండు చోట్ల వాళ్ళు ఆగిపోతారు. మొదటిది పోలిక గల అక్షరాలు. ప, వ, మ అన్నవి పక్కపక్కన రాసి చూడండి. తలకట్టు విడిగా ఉందా, కలిసి ఉందా, చివర కొమ్ము ఉందా లేదా అన్న చిన్న తేడాలే వాటిని వేరు చేస్తాయి. చిన్నప్పటి నుంచి చదివిన కంటికి ఆ తేడా కనిపిస్తుంది. నలభై అయిదేళ్ళ కొత్త కంటికి కనిపించదు. ఈ మూడింటినీ ఒకే వారంలో నేర్పకూడదు. ఒకటి బాగా కుదిరిన తర్వాతే రెండోది. రెండోది వత్తులు. గుణింతం వరకు ఉత్సాహంగా వచ్చిన మనిషి వత్తుల దగ్గర నీరసపడి మానేస్తుంది. అక్కడ మరో నెల ఓపిక పట్టించగలిగితే ఆమె ఇక ఆగదు.

ఉల్లాస్ పరీక్ష 150 మార్కులకు జరుగుతుంది. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. మూడు గంటల సమయం ఇస్తారు. ఉత్తీర్ణులకు జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యా సంస్థ ధ్రువపత్రం ఇస్తుంది. పరీక్ష పెట్టడం మంచిదే. జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద చెప్పిన మాటను బట్టే రాసుకుంటారు, ఎవరూ చదివించి చూడరు. అయితే పరీక్ష తర్వాత ఏమిటన్నదే నా బాధ. 1990ల్లో మేము నేర్పినవాళ్ళలో చాలామంది తర్వాత చదవడానికి ఏమీ లేక కొన్నేళ్ళలో మరచిపోయారు. మళ్ళీ కలిసినప్పుడు, ‘అయ్యవారూ, అప్పుడు వచ్చేది, ఇప్పుడు పోయింది’ అని వాళ్ళు చెబుతుంటే వినడం చాలా కష్టంగా ఉండేది.

కొత్త బస్టాండ్ కుర్రాడు | మంగళవారం, మధ్యాహ్నం 2:05

పెద్దలు తప్పుగా అనుకోకపోతే ఒక సందేహం. ఉన్న డబ్బు, మనుషులు పిల్లల బడుల మీద పెడితే ఇంకో తరంలో ఈ సమస్య తనంతట తానే పోతుంది కదా. పైగా ఇప్పుడు ఫోన్‌లో మాట్లాడితే చాలు, కావలసినది చూపిస్తుంది, చదివి వినిపిస్తుంది. యాభై ఏళ్ళ మనిషికి ఇప్పుడు గుణింతాలు నేర్పడం అవసరమా?

కల్లూరు ఆర్‌పీ | మంగళవారం, సాయంత్రం 6:30

తమ్ముడూ, ఇలా అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, నువ్వు బయటికి అడిగావు.

ఫోన్ సంగతి తీసుకో. ఆధార్ వేలిముద్రతో డబ్బు ఇచ్చే చోట మా సభ్యులు తమ ఖాతాలోని డబ్బు తీసుకుంటారు. వేలు పెట్టగానే చిన్న చీటీ వస్తుంది. అందులో ఎంత తీశారో, ఖాతాలో ఎంత మిగిలిందో ఉంటుంది. మొదటిసారి వేలు పడలేదని రెండోసారి పెట్టమంటారు. మొదటిసారి నిజంగానే పడలేదా, లేక డబ్బు తీసేశారా అన్నది ఆ చీటీ చదివితే తప్ప తెలియదు. అక్కడ నిలబడి ఆమె ఏ ఫోన్‌ను అడగాలి? ఆ ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఎవరికీ చెప్పకూడదన్న మాట కూడా చదవవలసిన మాటే. ఆసుపత్రి చీటీ అయినా అంతే, మాత్రల అట్ట మీద గడువు తేదీ అయినా అంతే.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీలో ఉచిత ప్రయాణం వచ్చింది. అది పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సులకే వర్తిస్తుంది, సూపర్ లగ్జరీకి వర్తించదు. మీ కొత్త బస్టాండులోనే చూడు, ఎంతమంది అక్కలు ప్రతి బస్సు దగ్గరికీ పోయి ఇది ఏ బస్సని అడుగుతుంటారో. బోర్డు మీద రెండు మాటలు చదవగలిగితే ఆ అడుక్కోవడం ఉండదు.

పిల్లల చదువుకు, పెద్దల చదువుకు పోటీ పెట్టకు. వరండాలో తల్లి పలక మీద రాస్తుంటే పిల్లలు పక్కన వచ్చి కూర్చుంటారు. బడి నుంచి వచ్చిన కాగితం తల్లి చదవగలిగిన ఇంట్లో ఆడపిల్లను ఎనిమిదో తరగతితో మాన్పించడం అంత తేలిక కాదు. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు మిరప చేలకు వెళ్ళే కుటుంబాల్లో పిల్లలనూ వెంట తీసుకుపోతారు. చదువు విలువ తెలిసిన తల్లి ఉంటే పిల్లను అవ్వ దగ్గరో హాస్టల్‌లోనో వదిలి వెళ్ళే దారి వెతుకుతుంది.

పాతబస్తీ పాఠకురాలు | మంగళవారం, రాత్రి 8:50

అందరికీ సలాం. మా వైపు సంగతి ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు కనుక రాస్తున్నాను. మా ఇళ్ళలో మాట్లాడేది ఉర్దూ. మా ఖాలాలు (పిన్నమ్మలు, పెద్దమ్మలు), నానీలలో (అమ్మమ్మలలో) చాలామందిని నిరక్షరాస్యులుగా రాసుకున్నారు. కానీ వాళ్ళలో ఎక్కువమంది చిన్నప్పుడు ఖురాన్ పఠనం నేర్చుకున్నవాళ్ళే. అరబ్బీ అక్షరాలు గుర్తుపడతారు, కుడి నుంచి ఎడమకు వేలు పెట్టి చదువుతారు, అర్థం మాత్రం తెలియదు. జనాభా లెక్కల నిర్వచనం ప్రకారం ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రావాలి. కాబట్టి వాళ్ళను నిరక్షరాస్యులుగా లెక్కించడంలో తప్పు లేదు. కానీ వాళ్ళకు నేర్పేటప్పుడు ఏమీ రానివాళ్ళుగా చూడటం తప్పు.

ఉర్దూ లిపిలో అదనంగా ఉన్న కొన్ని అక్షరాలు నేర్పితే, రోజూ మాట్లాడే మాటలే కాగితం మీద కనిపించి, కొద్ది నెలల్లోనే వాళ్ళు అర్థంతో చదవగలుగుతారు. ఆ ధైర్యంతో తర్వాత తెలుగుకు రావచ్చు. తెలుగు తప్పకుండా కావాలి, అందులో నాకు సందేహం లేదు. రేషను కార్డు, పింఛను కాగితం, కరెంటు బిల్లు అన్నీ తెలుగులోనే వస్తాయి. కానీ మొదటి రోజే పరాయి లిపి ముందు పెడితే రెండో రోజు రారు.

మనుషులకు కొదవ లేదు. 1947 నుంచి ఉన్న ఉస్మానియా కళాశాల మన ఊళ్ళోనే ఉంది. డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం 2016లో వచ్చింది. రెండు భాషలూ తెలిసిన ఆడపిల్లలు అక్కడ చదువుతున్నారు. పరదా పాటించే ఇళ్ళకు మగ వలంటీరును పంపితే ప్రయోజనం లేదు. ఈ పిల్లలను పంపితే తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

కంటి పరీక్షకుడు | బుధవారం, ఉదయం 9:20

నమస్కారం. ఉపాధ్యాయులు గారు ప, వ, మ గురించి రాసినది చదివాక ఇది చెప్పడం నా బాధ్యత అనిపించింది. నలభై దాటిన ప్రతి మనిషికీ దగ్గరి చూపు తగ్గుతుంది. దీన్నే చత్వారం అంటారు. చదువుకున్నవాడికి వార్తాపత్రిక దూరంగా పెట్టి చదవవలసి వచ్చినప్పుడు అది తెలిసిపోతుంది. ఏనాడూ చదవని మనిషికి ఎలా తెలుస్తుంది? సూదిలో దారం ఎక్కడం లేదు, బియ్యంలో రాళ్ళు కనిపించడం లేదు అనుకుని కోడలికో మనవరాలికో ఇచ్చేస్తుంది. ఆమెను తరగతిలో కూర్చోబెట్టి సన్న అక్షరాల వాచకం ముందు పెడితే అంతా మసకగా ఉంటుంది. తన బుర్రకు ఎక్కడం లేదని ఆమె అనుకుంటుంది, నేర్పేవాళ్ళూ అలాగే అనుకుంటారు.

ఎర్నాకుళం ఉద్యమంలో కళ్ళజోళ్ళు సేకరించి మరీ పంచడానికి కారణం ఇదే. మన నగరంలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది. తరగతి మొదలుపెట్టే ముందు అందరినీ ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి చూపించండి. చదువుకోవడానికి వాడే మామూలు అద్దాలతోనే చాలామంది ఇబ్బంది తీరుతుంది. శుక్లాలు ఉన్నవాళ్ళూ ఆ పరీక్షలోనే బయటపడతారు. కళ్ళజోడు పెట్టుకుని పలక చూసిన మనిషి ముఖం ఒకసారి చూస్తే, ఈ పని ముందే ఎందుకు చేయలేదా అని మీకే అనిపిస్తుంది.

గ్రంథాలయ సేవకుడు | బుధవారం, మధ్యాహ్నం 1:30

మరచిపోవడం గురించి మాస్టారు రాసినది నన్ను కదిలించింది. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమానికి, వయోజన విద్యకు జీవితం ధారపోసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883లో కర్నూలులోనే పుట్టారు. గ్రంథాలయం, వయోజన విద్య రెండూ ఒకే పని అని ఆయన తరం నమ్మింది. అక్షరం నేర్పి పుస్తకం ఇవ్వకపోవడం వాళ్ళ ఆలోచనలోనే లేదు. ఆ రెండింటినీ రెండు శాఖలుగా విడదీసినది మనమే.

దారి ఇప్పటికీ ఉంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతున్నది. ఇల్లున్న ప్రతివాడూ కడుతున్న డబ్బు అది. కొత్తగా చదువు నేర్చినవాళ్ళ కోసం శాఖా గ్రంథాలయంలో ఒక అర కేటాయించమని అడిగే హక్కు మనకు ఉంది. ఆ అరలో పెట్టవలసినవి పెద్ద అక్షరాలతో, చిన్న వాక్యాలతో ఉన్న సన్నని పుస్తకాలు. పిల్లల కథలు ఇచ్చి సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. ముగ్గురు పిల్లలను పెంచిన మనిషికి కుందేలు, తాబేలు కథ ఎందుకు? పింఛను నిబంధనలు, షుగరు వ్యాధి, చీటీపాట లెక్క, తుంగభద్ర వరద, మన ఊరి చరిత్ర లాంటివి కావాలి. 2009 అక్టోబరు వరద గురించి ఆ పేటల మనుషులే చెప్పగా రాసి, పెద్ద అక్షరాలతో అచ్చు వేస్తే దాన్ని చదవని ఇల్లు ఉండదు.

డిగ్రీ విద్యార్థి, ఎన్‌ఎస్‌ఎస్ | బుధవారం, సాయంత్రం 5:45

నేను ఉల్లాస్ వలంటీరుగా నమోదు చేసుకున్నాను. యాప్‌లో పేరు ఎక్కించడం తేలికే, నేర్పడం కష్టం. సెమిస్టరు పరీక్షలు రాగానే మేము మాయమైపోతున్నామన్నది నిజం. మా బదులు ఎవరు వస్తారన్న ఏర్పాటు లేదు. ఒక తరగతికి ఇద్దరు వలంటీర్లు, అందులో ఒకరు ఆ వీధి మనిషే అయి ఉంటే ఈ చిక్కు రాదని నాకు అనిపిస్తున్నది. పైగా మాకు ఒక్క పూట శిక్షణ ఇచ్చి పంపారు. ప, వ, మ ఒకే వారంలో నేర్పకూడదన్న సంగతి నేను ఇక్కడ చదివాకే తెలుసుకున్నాను.

కల్లూరు ఆర్‌పీ | బుధవారం, రాత్రి 9:05

ఆ వీధి మనిషికి మాత్రం ఏదో ఒక గౌరవ వేతనం ఉండాలి. ఉల్లాస్‌లో అంతా స్వచ్ఛందమే. విద్యార్థికి అది సేవ. పదో తరగతి చదివి కుట్టు మిషను మీద బతికే అమ్మాయికి రోజూ గంటన్నర అంటే రెండు జాకెట్ల కూలి. నగరపాలక సంస్థ తన నిధుల నుంచి ఇవ్వాలని నా అభిప్రాయం.

విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల రోడ్డు | బుధవారం, రాత్రి 9:40

ఈ విషయంలో అమ్మాయితో నేను పూర్తిగా ఏకీభవించలేను. 1990ల్లో మా వలంటీర్లు పైసా తీసుకోలేదు, ఊరంతా కదిలింది. గౌరవ వేతనం పెట్టిన తర్వాత అది బకాయి పడిన ప్రతిసారీ కేంద్రం మూతపడటం సాక్షర భారత్ కాలంలో చూశాం. అయితే మా ఉత్సాహం కూడా ఏడాది, ఏడాదిన్నరకు మించి నిలవలేదన్నది ఒప్పుకోవాలి. నేర్పినందుకు కాకుండా, పరీక్ష తర్వాత చదివించే కేంద్రాన్ని నడిపినందుకు వేతనం ఇవ్వడం మంచిదేమో ఆలోచించండి.

కొత్త బస్టాండ్ కుర్రాడు | గురువారం, ఉదయం 8:15

అక్కా, మాస్టారూ, మీ జవాబులు చదివి మా అమ్మతో మాట్లాడాను. ఆమె పోయినసారి ఉల్లాస్ పరీక్ష పాసైంది. ఆ సంగతి నేను అంతగా పట్టించుకోలేదు. ఇప్పుడు పదో తరగతి రాయాలని ఉందంటున్నది. నేరుగా రాయవచ్చా?

విశ్రాంత ఉపాధ్యాయుడు, నంద్యాల రోడ్డు | గురువారం, ఉదయం 10:00

నాయనా, చాలా సంతోషం. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యా పీఠంలో పద్నాలుగేళ్ళు నిండినవారు ఎవరైనా పదో తరగతికి చేరవచ్చు, కింది తరగతులు చదివి ఉండాలన్న నియమం లేదు. అయితే నేరుగా చేర్పించవద్దు. ఉల్లాస్ ధ్రువపత్రానికీ పదో తరగతి సైన్సు పుస్తకానికీ మధ్య చాలా దూరం ఉంది; అక్కడ పడిపోయిన మనిషి మళ్ళీ పుస్తకం ముట్టుకోదు. జాతీయ సార్వత్రిక సంస్థలో ప్రాథమిక విద్యకు మూడు స్థాయిలు ఉన్నాయి. అవి మూడు, అయిదు, ఎనిమిది తరగతులకు సమానం. ముందు అక్కడ మొదలుపెట్టించు. ఈలోగా రోజూ పత్రికలో ఒక వార్త నీకు చదివి వినిపించమని అడుగు. తప్పు చదివితే వెంటనే దిద్దకు, వాక్యం పూర్తి చేయనివ్వు.

బుధవారపేట వాసి | గురువారం, రాత్రి 8:30

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాస్తారని నేను అనుకోలేదు. వార్డు సచివాలయంలో విద్యా కార్యదర్శిని కలవడానికి నలుగురం వెళుతున్నాం. అడగబోయేవి ఇవి: తరగతి వేళ, చోటు ఆ వీధి సంఘమే నిర్ణయించాలి. మార్కెట్ యార్డులో సరుకు తగ్గిన నెలల్లో షెడ్డు కిందనే తరగతి పెట్టాలి. మొదటి పాఠానికి ముందు కంటి పరీక్ష జరగాలి. పాతబస్తీలో ఉర్దూతో మొదలుపెట్టే వీలు ఇవ్వాలి. గౌరవ వేతనం మీద మనలో ఏకాభిప్రాయం లేదు కనుక రెండు వాదనలూ రాసి ఇస్తాం. గ్రంథాలయం విన్నపం విడిగా జిల్లా గ్రంథాలయ సంస్థకు ఇవ్వాలి. దాని ముసాయిదా గ్రంథాలయ సేవకుడు గారు రాస్తే బాగుంటుంది.

పాతబస్తీ పాఠకురాలు | గురువారం, రాత్రి 9:15

ఉర్దూ వాచకం ప్రతులు ఉంటే ముందే తెప్పించమని అడగండి అన్నా. మా దగ్గర ముగ్గురు అమ్మాయిలు సిద్ధంగా ఉన్నారు. శుక్రవారం తప్ప ఏ రోజైనా మధ్యాహ్నం వేళ రాగలరు.

ఉల్లి మార్కెట్ గుమాస్తా | గురువారం, రాత్రి 10:05

షెడ్డు కింద వెలుతురు మధ్యాహ్నం మూడు వరకు బాగానే ఉంటుంది, దీపం అక్కరలేదు. ఖాళీ తక్‌పట్టీలు నేను తెస్తాను. అంకెల గడులు పెద్దవిగా ఉండేలా పాత నమూనాను జిరాక్సు తీయిస్తే ఆ కళ్ళజోళ్ళు వచ్చేవరకు పెద్దవాళ్ళకు ఇబ్బంది ఉండదు.